చూడనివాళ్ళు కాపాడిన అడవి

మా తోడల్లుడుగారు కరెంటు ఇంజనీరుగా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం సీలేరు మీదే గడిచింది, మొదట దిగువ సీలేరులో, తర్వాత ఎగువ సీలేరులో. నా భార్య కాకినాడలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంది. వరసకు వాళ్ళిద్దరూ బావామరదళ్ళు. ఒకరి మాట ఒకరు ఒప్పుకున్న రోజు మా ఇళ్ళలో ఎవరికీ గుర్తు లేదు. మేం నలుగురం అలెప్పీ బండిలో వెళ్ళి కేరళలోని పాలక్కాడులో దిగాం. మర్నాడు చీకటితోనే బయల్దేరి, మన్నార్‌కాడ్ మీదుగా ముక్కాలి చేరి, అక్కడ జీపెక్కి సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కులో సైరంధ్రి దాకా వెళ్ళొచ్చాం. మా వదినగారు మోకాళ్ళ పేరు చెప్పి లాడ్జిలోనే ఆగిపోయారు, తెలివైన మనిషి. జీపులో వీళ్ళిద్దరి మధ్య సీటు నాకు దక్కింది. తిరిగొచ్చాక ముక్కాలి టీకొట్టు దగ్గర మొదలై పాలక్కాడు దారంతా సాగిన వాదం ఇది. నాకు తోచిన ముక్కలు మధ్యమధ్య కలిపాను. అప్పుడు నోరు విప్పే సందు దొరకలేదు.

బావ: ఏమమ్మాయ్, సింహం తోక కోతి ఏదీ? రెండు నెలలుగా ఫోనులో అదే పారాయణం చేశావు. పోనూ రానూ 46 కిలోమీటర్లు ఆ గతుకుల్లో నడుం విరగ్గొట్టుకున్నాం. నాకు కనపడిందల్లా మూరెడు తోక ఉడుత ఒకటి, అల్లంత దూరాన రెండు నల్ల కొండముచ్చులు, దారి మీద ఏనుగు లద్దె. అదైనా నిన్నటిది.

మరదలు: నిన్నటిదని మీకెలా తెలిసింది?

బావ: గైడు చెప్పాడుగా. పుల్లతో విడదీసి చూపించాడు. పైన ఎండింది, లోపల ఇంకా చెమ్మ ఉంది, రాత్రి ఇటు దాటిందన్నాడు.

మరదలు: అతను విడదీస్తున్నంతసేపూ మీరు వంగి చూశారు. మీ టిక్కెట్టు డబ్బులు అక్కడే చెల్లిపోయాయి.

బావ: లద్దె చూడ్డానికి ఇంతదూరం రావాలా? ఊటీ వెళ్తూ బందీపూర్ దగ్గర ఏనుగునే చూశాను, బస్సు కిటికీలోంచి, ఉచితంగా.

మరదలు: బందీపూర్ ఎండు అడవి బావగారూ. చెట్టుకూ చెట్టుకూ సందుంటుంది, కింద గడ్డి పెరుగుతుంది. గడ్డి తినే జింకా, జింకను తినే పులీ మన కళ్ళ ఎత్తులోనే తిరుగుతాయి. ఇది వర్షారణ్యం. ఏటా 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. మన కాకినాడలో దానిలో సగం కూడా పడదు. ఇక్కడ కరువల్లా వెలుతురుకే. అందుకని చెట్లన్నీ ఎండ కోసం పైకి పైకి పోయాయి. 30, 40 మీటర్ల ఎత్తున కొమ్మలు కలిసిపోయాయి. పూతా, కాయా, పురుగూ, పిట్టా, కోతీ అన్నీ ఆ మేడ మీదే కాపురం. మనం తిరిగింది నేలమాళిగలో.

బావ: ఆట మేడ మీద ఆడుతుంటే కింద కూర్చోబెట్టి డబ్బులు పుచ్చుకున్నారన్నమాట.

మరదలు: ఒకచోట గైడు జీపు ఆపించి ముళ్ళకాయ డొక్కు చేతికిచ్చాడు, గుర్తుందా? అది వెడిప్లావు చెట్టు కాయ. సింహం తోక కోతులు ఆ చెట్టు పూలూ గింజలూ తిని చాలా నెలలు గడుపుతాయి. ఆ డొక్కు పచ్చిగానే ఉంది. అంటే గుంపు ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట. అవి మనల్ని చూసే ఉంటాయి.

బావ: అవి నన్ను చూస్తే టిక్కెట్టు నేనెందుకమ్మా కొనడం? వాటి దగ్గర వసూలు చెయ్యమను.

ఈ మాటకు టీకొట్టాయన కూడా నవ్వాడు. తెలుగు వచ్చో, మా తోడల్లుడుగారి మొహం చూసో తెలియదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. పార్కు వైశాల్యం 89.52 చదరపు కిలోమీటర్లు. జీపు పోయే 23 కిలోమీటర్ల దారిలో చాలా భాగం దాని చుట్టూ ఉన్న రక్షణ వలయంలోనే పోతుంది. సైరంధ్రి దగ్గర వాచ్‌టవర్ ఎక్కి, కుంతి నది వైపు కాస్త దిగి, వెనక్కి రావాలి. ఒక్కరోజు టిక్కెట్టు మీద లోపల రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం దాటాక వచ్చినవాళ్ళను గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. అంటే ఒక్కరోజు యాత్రికుడు చూసేది అడవి గడప. ఆయన గోల అర్థం లేనిదేమీ కాదు.

బావ: సరే, వేళాకోళం అటుంచు. వాచ్‌టవర్ ఎక్కినప్పుడు నువ్వు చెట్లు చూశావు. నేనేం చూశానో తెలుసా?

మరదలు: డ్యాం సైటు. మీ మొహం చూసినప్పుడే అనుకున్నాను.

బావ: మరి! రెండు కొండలు దగ్గరికొచ్చి నిలబడ్డాయి. మధ్య ఇరుకులో రాతి మీద కుంతి. వెనక వెడల్పాటి లోయ, ముందు బ్రహ్మాండమైన వాలు. 1920ల్లోనే తెల్లవాళ్ళు ఈ చోటును గుర్తుపెట్టుకున్నారంటే ఊరికే కాదు. 1973లో ప్లానింగ్ కమిషన్ సరేనంది. అనుకున్నదంతా కడితే 240 మెగావాట్లు. సరిగ్గా మా ఎగువ సీలేరు! అక్కడా 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు. పైగా ఇక్కడ పదివేల హెక్టార్లకు నీళ్ళు. మలబారు జిల్లాలు అప్పట్లో కరెంటు లేక అల్లాడుతున్నాయి. ముంపు ఎంతట? ఎనిమిది చదరపు కిలోమీటర్ల చిల్లర. తొంభైలో ఎనిమిది! దానికి ఏళ్ళ తరబడి కొట్లాడి 1983లో ఆపించారు. ఆపినందుకు నాకేం ఏడుపు లేదు, అయిపోయిన సంగతి. కానీ ఆపి ఏం చేశారు? జీపులు తిప్పుతున్నారు. అన్ని మెగావాట్లు వదులుకున్నది మనబోటి వాళ్ళం సెల్ఫీలు దిగడానికా?

మరదలు: మీ రెండో ప్రశ్న మంచిదే, దానికి వస్తాను. ముందు ఆ తొంభైలో ఎనిమిది. ఆ ఎనిమిది ఎక్కడివి? లోయ అడుగువి, నదికి రెండు ఒడ్లవి. సింహం తోక కోతి కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి పోతుంది, నేల మీదికి దిగడం దానికి ఇష్టం ఉండదు. అడుగున నీళ్ళు నిలిస్తే ఈ కొండ గుంపు ఈ కొండమీదే, ఆ కొండ గుంపు ఆ కొండమీదే. పైకప్పు తెగిన చోట అవి ఏం చేస్తాయో వాల్పరై టీ తోటల్లో చూడండి. తారురోడ్లు దాటుతుంటాయి, బళ్ళ కింద పడుతుంటాయి. ఇంకొకటి. దిగువ సీలేరు కట్టేటప్పుడు కాలనీ ఎక్కడుండేది?

బావ: మోతుగూడెంలో. చిన్న పట్నమే అయింది.

మరదలు: వంటచెరకు?

బావ: అడవిదే. ఆ రోజుల్లో గ్యాసు ఎక్కడిది?

మరదలు: ఎన్నాళ్ళు?

బావ: పనులున్నన్నాళ్ళూ, తర్వాత కూడా. అది ఏ ఎస్టిమేటులోనూ ఉండదు. ముంపు లెక్కలో అంతకన్నా ఉండదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఆయనలో నాకు నచ్చేది ఇదే. వాదం తన మీదికి తిరుగుతుందని తెలిసి కూడా లెక్క దాచడు. నా భార్యకు ఈ గుణం కొంచెం తక్కువని ఇక్కడ రాసినా ఫర్వాలేదు, ఆవిడ నా వ్యాసాలు చదవదు.

బావ: కానీ ఆ కరెంటుతోనే నువ్వు చదువుకున్నావు. ఆ కరెంటుతోనే మీ నాన్న రైసు మిల్లు తిరిగింది. సాయంత్రం ఏడింటికి ఊళ్ళన్నీ ఒక్కసారి దీపాలు పెడితే, బొగ్గు స్టేషను అంత తొందరగా అందుకోలేదు. గేటు ఎత్తితే నిమిషాల్లో కరెంటు ఇచ్చేది నీళ్ళే. కవిత్వాలు రాసేవాళ్ళకు ఇది ఎవరు చెప్పాలి?

మరదలు: వాళ్ళలో చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు బావగారూ. మీరు ఉద్యమమంతా కవిత్వమే అనుకుంటున్నారు. కవయిత్రి సుగతకుమారి చెట్టును స్తుతిస్తూ కవిత రాసింది నిజమే, సభల్లో జనం దాన్ని పాడుకున్నదీ నిజమే. కానీ దాని పక్కనే కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1979లో ఒక పుస్తకం వేసింది. సైలెంట్ వ్యాలీ ప్రాజెక్టును సాంకేతికంగా, ఆర్థికంగా, రాజకీయంగా తూకం వేసిన పుస్తకం. రాసినవాళ్ళలో ఎం.కె. ప్రసాద్ నాలాగే వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆయన పక్కన కూర్చుని రాసిన ఎం.పి. పరమేశ్వరన్, వి.కె. దామోదరన్ ఇంజనీర్లు.

బావ: ఇంజనీర్లా?

మరదలు: ఇంజనీర్లే. కరెంటు వద్దని వాళ్ళు రాయలేదు. ఈ ఒక్క డ్యాం లేకపోతే మలబారు చీకటైపోతుందన్న మాట నిలుస్తుందా లేదా అని చూశారు. మీ భాషలోనే మాట్లాడారు.

బావ: ఊఁ. అది నాకు తెలియదు. దొరికితే తెప్పించు, చదువుతాను.

కారు మన్నార్‌కాడ్ దాటింది. రబ్బరు తోటలు, తర్వాత అరటి, తర్వాత ఇళ్ళు. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, మెత్తబడ్డాడని మేమనుకుంటుండగా ఇటు తిరిగాడు.

బావ: అయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడింది అమ్మాయ్. నీ నోటితోనే చెప్పు. అప్పట్లో సంతకాలు పెట్టిన బడిపంతుళ్ళు, ఊరేగింపుల్లో నడిచిన కాలేజీ పిల్లలు, కొచ్చిలో, త్రివేండ్రంలో సభలకొచ్చిన జనం, వీళ్ళలో ఎంతమంది ఈ లోయ చూశారు?

మరదలు: చాలా కొద్దిమంది. అప్పుడు జీపులూ లేవు, టూరిస్టులూ లేరు.

బావ: అదీ సంగతి! ఈ అడవిని కాపాడింది దీన్ని చూడనివాళ్ళు. ఇప్పుడు మన పాపికొండల మాట తీసుకో. రాజమండ్రి నుంచి లాంచీలు ఎన్ని దశాబ్దాలుగా తిరుగుతున్నాయి? పొద్దున టిఫిను, పేరంటపల్లి గుడి, మధ్యాహ్నం భోజనం, రికార్డింగ్ డాన్సు, సాయంత్రం ఇంటికి. గోదావరి జిల్లాల్లో ఆ లాంచీ ఎక్కని కుటుంబం ఉందా? 2008లో జాతీయ పార్కు అని బోర్డు కూడా పెట్టారు. మరి పోలవరం ముంపులో ఆ లోయ పోతుందంటే, లాంచీ ఎక్కి చప్పట్లు కొట్టిన లక్షల మందిలో ఎవరు రోడ్డెక్కారు? నేను పోలవరం కావాలన్నవాణ్ణే, దాచను. కానీ నీ సిద్ధాంతం ప్రకారం చూసినవాళ్ళకు ప్రేమ పుట్టాలిగా? ఎక్కడ పుట్టింది? చూసినవాళ్ళు ఊరుకున్నారు, చూడనివాళ్ళు పోట్లాడారు. ఇక ఈ యాత్రలెందుకు? గేటు వేసెయ్. పరిశోధన చేసేవాళ్ళు పోతారు, అక్కడ పుట్టినవాళ్ళు పోతారు. మిగతావాళ్ళం ఇంట్లో కూర్చుని సంతకాలు పెడతాం.

ఇది బలమైన దెబ్బ. నా భార్య వెంటనే జవాబు చెప్పలేదు, నాకు తెలిసి ఇది అరుదు. అడవుల టూరిజం మీద వచ్చే ప్రతి కరపత్రంలోనూ ఒకే మాట ఉంటుంది, చూస్తే ప్రేమిస్తారు, ప్రేమిస్తే కాపాడతారని. మారేడుమిల్లికి ఆదివారం వెళ్ళినవాడెవడూ దాన్ని నమ్మలేడు. వాగు పక్కన కారు ఆపి పాటలు పెట్టి, బొంగులో చికెన్ తిని, ప్లేట్లు అక్కడే వదిలే జనం చూడక వదిలారా? చూసే వదిలారు. గుడిస కొండమీద సూర్యోదయానికి చేరే బళ్ళ వరస చూస్తే, ప్రేమ ఎక్కువైనా ప్రమాదమే అనిపిస్తుంది.

మరదలు: మీరన్నది ఒప్పుకుంటాను, సగం. చూస్తేనే ప్రేమ పుడుతుందని నేననను. కానీ చూడనివాళ్ళకు ఈ అడవి ఎలా తెలిసింది? ఎవరో ఒకరు చూస్తేనే కదా. రాబర్ట్ వైట్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1847లో ఇక్కడికి వచ్చి మొక్కలు సేకరించాడంటారు. ఆయన పుస్తకాల కోసం రెండు వేలకు పైగా మొక్కల బొమ్మలు అచ్చయ్యాయి. వాటిలో ఎన్నో వేసింది రంగయ్య, గోవిందు అని ఇద్దరు చిత్రకారులు. అవి ఇప్పటికీ మా క్లాసులో పనికొస్తాయి. 1970ల్లో కోతుల మీద పరిశోధన చేసినవాళ్ళు వచ్చి, ఇవి ఇంత తక్కువగా మిగిలాయని రాశారు. పరిషత్తు మాస్టార్లు వచ్చి చూసి, ఊరూరా తిరిగి చెప్పారు. కొద్దిమంది చూపు మీద ఆధారపడి వేలమంది మాట్లాడారు. చూపు అసలు లేకపోతే మాట ఎక్కణ్ణుంచి వచ్చేది?

బావ: అదే నేనూ అంటున్నా. ఆ కొద్దిమందినే పోనియ్. నువ్వు పో, బోటనీ చదివావు. నేనెందుకు? పక్క జీపులో దారి పొడుగునా చిప్స్ తిన్న ఆ కుటుంబం ఎందుకు?

మరదలు: గేటు వేసి ఉంచిన రోజుల్లో ఏమైందో చెప్పనా? దీన్ని 1914లో రిజర్వు ఫారెస్టు చేశారు. 1927 నుంచి 1976 దాకా ఈ అడవిలో కొంత భాగంలో కలప తీశారు. యాభై ఏళ్ళు! లోపలికి ఎవరూ రారు, ఎవరూ అడగరు. ఫైలు ఒక్కటే సాక్షి.

బావ: ఆగాగు. అంటే ఇది ఎవరూ ముట్టని అడవి కాదా? పొద్దుటి నుంచి కన్నెఅడవి, కన్నెఅడవి అని చెవులు తినేశావు.

మరదలు: నడిబొడ్డున ముట్టనిది చాలా ఉంది. అంచుల్లో ముట్టారు. మనం జీపులో పోతుంటే కాఫీ మొక్కలు కూడా కనిపించాయిగా.

బావ: ఇది ముందే చెప్పి ఉంటే నీ మీద గౌరవం ఇంకో గుప్పెడు పెరిగేది.

మరదలు: ఇప్పుడు చెప్పానుగా. ఇంకో సంగతి వినండి. 1984 నవంబరులో జాతీయ పార్కు అన్నారు, 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. 2000 దాటిన కొత్తల్లో ఏమైంది? పార్కు హద్దు దాటీ దాటగానే, అదే కుంతి మీద, పాత్రక్కడవు దగ్గర 70 మెగావాట్ల ప్రాజెక్టు అని మళ్ళీ మొదలు. చిన్నదేనట, పార్కులో చుక్క నీరు నిలవదట. దానికీ పోట్లాట జరిగింది. 2007లో చుట్టూ 148 చదరపు కిలోమీటర్ల రక్షణ వలయం వచ్చింది, మనం పొద్దున జీపులో పోయింది అందులోనే. 1979లో సంతకం పెట్టిన కుర్రాళ్ళకు అప్పటికి యాభై దగ్గరపడింది. ఒకసారి గెలిచిన అడవి గెలిచినట్టే ఉండిపోదు. తరం మారినప్పుడల్లా ఎవరో ఒకరికి కొత్తగా తెలియాలి. చిప్స్ తిన్న కుటుంబంలో ఒక పదేళ్ళ పిల్ల ఉంది, ఆ ముళ్ళకాయ డొక్కును రుమాల్లో చుట్టబోతే గైడు వద్దని తీసేశాడు. మీరు చూడలేదు, అప్పుడు మీరు కాలి జలగను పీకుతున్నారు.

బావ: జలగ సంగతి నాకూ దానికీ మధ్య. పిల్ల మాట నమ్ముతాను. కానీ ఒక పిల్ల కోసం రోజూ ఎన్ని జీపులు? నా భయం వేరే. ఈ రోజు బళ్ళకు లెక్క ఉంది, ప్లాస్టిక్కు కట్టడి ఉంది, గైడు లేనిదే కదలనివ్వరు, బాగానే ఉంది. రేపు ఒక మంత్రిగారు వచ్చి ఆదాయం చాలదంటాడు. జీపులు రెట్టింపు. తర్వాత నాలుగు కాటేజీలు. తర్వాత ఇనప తాడు మీద జారే ఆట. కుంతి ఒడ్డున హోటలు. నేను ప్రభుత్వంలో పనిచేశానమ్మా, తెరిచిన గేటు ఇంకా వెడల్పవుతుందే గాని ఇరుకవదు. డ్యాం అయితే కట్టిన చోట ఆగుతుంది. టూరిజం ఎక్కడాగుతుంది?

ఈ ప్రశ్నకు నా భార్య దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. 2012లో పడమటి కనుమల్లో 39 చోట్లను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, సైలెంట్ వ్యాలీ వాటిలో ఒకటి. ఆ బిరుదు వచ్చిన చోటికి జనం తగ్గరు, పెరుగుతారు. ఇక్కడ ఇంకా ఆ ఒత్తిడికి లొంగలేదంటే, ముక్కాలి గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న చిన్న ఉద్యోగి రోజూ పదిమందికి కాదని చెప్పగలుగుతున్నందుకు. మేమున్నప్పుడే బెంగళూరు బండి ఒకటి వచ్చి ఎవరికో ఫోను కలిపి ఇచ్చింది. ఆయన ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు.

మరదలు: ఆ భయం నాకూ ఉంది. కానీ మూసెయ్యమంటే ముందు మూసేది ఎవరి కడుపో చూడండి. మన గైడు ముడుగర్ కుర్రాడు. ఈ అట్టప్పాడి పక్క ఇరుళర్లు, ముడుగర్లు, కురుంబర్లు ఉన్నారు. బయటివాళ్ళు వచ్చి భూములు కాజేస్తే చాలామంది కూలీలైపోయారు. అతనికి ఈ అడవిలో జీతం వస్తోంది, పైగా అతనికి తెలిసినదానికి విలువ వస్తోంది. ఏనుగు ఎప్పుడు దాటిందో మీకు అతను చెప్పాడు, నేను చెప్పలేకపోయాను. నా పీహెచ్‌డీ అక్కడ పనికిరాలేదు.

బావ: అతన్ని కాపలాకు పెట్టు. జీతం ఇయ్యి. యాత్రికులు లేకపోతే జీతం ఇవ్వకూడదని ఎక్కడుంది? సీలేరులో వర్షం కొలిచే మనిషికి నలభై ఏళ్ళు జీతమిచ్చాం. ఆయన్ని చూడ్డానికి ఏ టూరిస్టూ రాలేదు.

మరదలు: వర్షం కొలతతో మీకు పనుంది, అందుకని ఇచ్చారు. ఎవరికీ కనపడని అడవికి బడ్జెట్టు ఏటా ఎవరు అడుగుతారు?

బావ: నువ్వు అడుగుతావు. చూడనివాళ్ళు అడుగుతారు. ఒకసారి అడిగారుగా.

మరదలు: ఒకసారి అడిగారు.

కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు. డ్రైవరు రేడియో పెట్టబోయి మానేశాడు. నాకు అనిపించింది చెబుతాను. ఇద్దరూ చెరో సగాన్ని గట్టిగా పట్టుకున్నారు, కానీ రెండు సగాలూ సమానం కావు. చూపు వల్ల అడవి బతకదన్న ఆయన మాట నిజం, మా గోదావరే అందుకు సాక్ష్యం. అయినా గేటు మూస్తే అడవి తరఫున మాట్లాడేది ఫైలు ఒక్కటే అవుతుందన్న ఆవిడ మాట నాకు ఎక్కువ బరువుగా తోచింది. సైలెంట్ వ్యాలీ చేస్తున్న పని ఈ రెంటికీ మధ్య ఒక ఇరుకు దారి. రానిస్తుంది, కానీ ఏమీ చూపిస్తానని మాటివ్వదు. పులి గ్యారంటీ అనే బోర్డు లేదు. కోతి కనపడకపోతే డబ్బు వెనక్కి రాదు. ఇంత చూపించకుండానే పంపడం వల్లే లోపల పనులు లోపల సాగుతున్నాయేమో. మా తోడల్లుడుగారి లాంటి యాత్రికుడు చిరాకుపడి వెళ్తాడు, ఇంటికెళ్ళి పదిమందికి వెళ్ళొద్దని చెబుతాడు. అడవికి అది కూడా ఒక రకం కాపలానే. ఈ ముక్క ఆయనతో అంటే నన్ను పాలక్కాడు స్టేషన్లో వదిలేసి పోయేవారు.

బావ: ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అయిదు గంటల్లో నువ్వు కొత్తగా ఏం నేర్చుకున్నావు? పాఠంలో లేనిది.

మరదలు: దారి తెగిన కట్ట దగ్గర మట్టి చూశాను. పైన ఆకులు, దాని కింద నల్ల మట్టి కొద్దిగా, ఆ కిందంతా ఎర్రమట్టే. ఇంత పెద్ద చెట్లు నిలబడింది అంత పలచటి మట్టి మీద. రాలిన ఆకు కుళ్ళీ కుళ్ళకముందే వేళ్ళు లాగేసుకుంటాయి, బలమంతా చెట్లలోనే ఉంటుంది, నేలలో కాదు. ఈ పాఠం ఏళ్ళుగా చెబుతున్నాను. వేలు పెట్టి చూడ్డం మాత్రం ఇవాళే. చెట్లు కొట్టేస్తే ఈ వానకు ఆ కాస్తా కొట్టుకుపోతుంది, మళ్ళీ ఇలాంటి అడవి రాదు అని ఇకమీద చెప్పేటప్పుడు నా గొంతు వేరేగా ఉంటుంది.

బావ: సొరంగం తవ్వేటప్పుడు మేమూ చూశాం ఆ పొర. మా భాషలో దాన్ని తీసి పారెయ్యాల్సిన మట్టి అంటాం.

మరదలు: మీ సీలేరు లోయల్లోనూ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు కలిసిన అడవి ముక్కలున్నాయి తెలుసా? పైన ఆకురాల్చే అడవి, లోయ అడుగున చల్లగా, చీకటిగా.

బావ: తెలియకేం? పొల్లూరు దగ్గర పైపులైను వెంట నడుస్తుంటే మధ్యాహ్నం పన్నెండింటికి టార్చి కావాల్సొచ్చేది. అది నీ లెక్కలో వర్షారణ్యమా?

మరదలు: పూర్తిగా కాదు, దానికి దగ్గర చుట్టం. మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలి. పవర్‌హౌసు మీరు చూపించండి, అడవి నేను చూపిస్తాను.

బావ: నేను రిటైరైనవాణ్ణి, పర్మిషను లెటరు కావాలి. పై ఆఫీసుకు రాయాలి. ఎంతమంది?

మరదలు: నలభై మంది.

బావ: నలభై ఎందుకు? ఇరవై తీసుకురా. నువ్వే కదా జీపులకు లెక్క ఉండాలంటున్నది.

మరదలు: లెక్క గురించి అన్నది మీరు!

బావ: ఎవరంటేనేం? ఇరవై. వానలు తగ్గాక, నవంబరులో. ఆదివారం మాత్రం వద్దు, మారేడుమిల్లి ఘాట్‌లో బళ్ళు కదలవు. చింతూరు మీదుగా తిరిగి రావాలి, పొద్దున్నే నాలుగింటికి కాకినాడలో బయల్దేరాలి. నీ పిల్లలు లేస్తారా?